చెక్కిలి చెంత నిప్పు

సైనికునకు తుపాకి అలంకారము కాదు; అది వాని మూడవ చేయి. చేయి పొడుగా పొట్టియా అని ఎవరును విచారింపరు. తలచినంతనే కదలునా, తన దేహమునకే కీడు చేయకుండునా అని విచారింతురు. ఈ సామాన్యమైన ప్రశ్నను మరచి, గజబద్దతో కొలిచి, "ఇది జానెడు పొట్టిగా నున్నది గనుక ఇదియే శ్రేష్ఠము" అని తీర్పు చెప్పిన రక్షణశాఖలు గడచిన యర్ధశతాబ్దములో ఐరోపాయందును ఆసియాయందును పెక్కు గలవు. వారు మెచ్చి కొన్న ఆయుధమునకు బుల్‌పప్ రైఫిలని పేరు. తీర్పు చెప్పినది వారు. దాని మూల్యము చెల్లించినది మాత్రము ఆ తుపాకికి చెక్కిలి ఆనించిన సామాన్య సిపాయి. ఇట్టి తీర్పు మన దేశమున నెన్నడును జరుగకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తుపాకి పట్టి యెరుగని చదువరుల కొరకు ఆ నిర్మాణమును క్లుప్తముగా చెప్పెదము. మామూలు రైఫిలులో ముందు గొట్టము, దాని వెనుక తూటా పేలు గది, గది క్రింద తూటాలు నింపిన మేగజైను, దాని వెనుక మీట, అన్నిటికిని వెనుక భుజమున కానించు మడమ వరుసగా నుండును. మడమ ఆనుటకే గదా, ఆ చోటు వ్యర్థమగుచున్నదని తలచిన శిల్పులు తూటా గదిని, మేగజైనును, లోపలి యంత్రమును వెనుకకు నెట్టి మడమలో నిమిడ్చిరి. మీట వానికి ముందు నిలిచెను. గొట్టము తగ్గకయే తుపాకి కురుచయయ్యెను. ఇది క్రొత్త తలపు కాదు. థార్నీక్రాఫ్ట్ అను పేరి కురుచ తుపాకి 1901 నాటికే బ్రిటనులో ఈ మాదిరిగా పుట్టి, పరీక్షలో భుజమును మిక్కిలిగా తన్నుటచేతను, పట్టు కుదరకపోవుటచేతను తిరస్కరింపబడినది. ఆ పాఠమును మరచుటకు అర్ధశతాబ్దము పట్టెను. 1951లో బ్రిటిషు ప్రభుత్వమే ఈయెమ్-2 అను బుల్‌పప్‌ను స్వీకరించి, తూటా విషయమున మిత్రరాజ్యములతో పొత్తు కుదరక ఆ యేటనే విడిచిపెట్టెను. పిదప 1977లో ఆస్ట్రియా, 1978లో ఫ్రాన్సు, 1985లో మరల బ్రిటను ఈ మార్గమును తొక్కినవి.

దీనివలన లాభము లేదని మేము చెప్పము. ప్రతిపక్షము వారి బలమును దాచి వాదించుట పిరికితనము. బ్రిటిషు ఎల్85 రైఫిలు గొట్టము 518 మిల్లీమీటర్లు. మొత్తము పొడవు 785 మిల్లీమీటర్లు. దాదాపు అంతే గొట్టము గల అమెరికా ఎమ్16ఏ2 రైఫిలు పొడవు 1006 మిల్లీమీటర్లు. భేదము ఇరువదిరెండు సెంటీమీటర్లు. మన కొలతలో జానెడు. శకటమునుండి దిగునప్పుడు, హెలికాప్టరులో కూర్చుండునప్పుడు, ఇరుకు గుమ్మము దూరునప్పుడు ఆ జానెడు అక్కరకు వచ్చునది నిజమే. గొట్టము పొడవు తగ్గలేదు గనుక గుండు వేగమును తగ్గలేదు. ఇంతవరకు ఒప్పుకొందుము. ఐతే ఆ జానెడు ఊరకే వచ్చినదా? కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినదన్న సామెత ఎచ్చటనైనను సార్థకమైనచో ఇచ్చటనే యయినది.

మొదట ప్రాణరక్షణమును విచారింతము. తూటా పేలిన క్షణమున గదిలో పుట్టు ఒత్తిడి చదరపు అంగుళమునకు ఏబదివేల పౌనులకు పైబడి యుండును. ఉక్కు దృఢమైనదే, తూటాలు సామాన్యముగా నిర్దుష్టములే. కాని యుద్ధభూమిలో బురదయు ఇసుకయు గొట్టములో చొరబడుట కలదు. తూటా డొప్ప చీలుట కలదు. తూటా పూర్తిగా గదిలో కుదురుకొనకమునుపే పేలుట కలదు. మామూలు రైఫిలులో ఇట్టి యుపద్రవము సంభవించినప్పుడు అది ముఖమునకు ముందుగా, కొంత యెడముగా సంభవించును. బుల్‌పప్‌లోనో, ఆ గది సైనికుని చెక్కిలి క్రిందనే యుండును. కంటికిని చెవికిని దవడకును ఆ పేలుడునకును నడుమ నుండునది రేకును, ప్లాస్టిక్కు పలకయు మాత్రమే. పొయ్యి నడివాకిట నుండవలసినది గాని పడకతలాపిన నుండవలసినది కాదు. పొయ్యి ప్రతిదినము ఇల్లు కాల్చదు. ఐనను బుద్ధిమంతుడు దానిని తలాపిన పెట్టుకొనడు.

ఉపద్రవము మాట యటుంచి, దినదినమును కలుగు బాధలను చూడుడు. తుపాకి కురుచయైనకొలది గొట్టపు మూతి ముఖమునకు చేరువయగును. ధ్వని చెవికి మరింత కఠోరమగును. గొట్టమునకు ధ్వనిశమన యంత్రమును బిగించినప్పుడు వెనుకకు మరలు పొగ, మడమలోని రంధ్రమునుండి నేరుగా కండ్లలోనికి వచ్చును. ముందు చేయి పెట్టుటకు చోటు కొంచెమగుటచే, తొట్రుపాటున వ్రేళ్లు గొట్టపు మూతివైపు జారు భయము కలదు. మరియొకటి: గదిలో తూటా యున్నదా లేదా యని చూచుకొనుట తుపాకి పట్టువానికి మొదటి ధర్మము. మామూలు రైఫిలులో తలవంచిన చాలును, కనబడును. బుల్‌పప్‌లో ఆ గది చంకక్రింద నుండుటచే తుపాకిని భుజమునుండి దించి పక్కకు త్రిప్పి చూడవలెను. అలసినవాడు, చీకటిలో, వరుసలో నిలిచి త్రిప్పునప్పుడు ఆ మూతి ఎవరివంక తిరుగునో ఎవడు చెప్పగలడు?

ఇక ఎడమచేతివాటము వారి గతి. మానవులలో పదిమందికి ఒకడు చొప్పున ఎడమచేతివాటము గలవాడు. ఎల్85లో కాలిన డొప్పలు కుడివైపునకు ఎగిరిపడును. అంతియే కాదు, తూటా ఎక్కించుటకు లాగు పిడి కుడిప్రక్కనే యుండి, ప్రతి తూటాతోను వెనుకకు ముందుకు కొట్టుకొనుచుండును. దీనిని ఎడమ భుజమున కానించి కాల్చినవానికి వేడి డొప్పయు ఉక్కు పిడియు ముఖమునకే తగులును. అందుచేత బ్రిటిషు సేనలో ఎడమచేతివాటము వారెల్లరును కుడిభుజమునుండి కాల్చుటయే నేర్వవలసివచ్చినది. ఆయుధము మనుష్యునికి అమరుటకు మారు, మనుష్యుడే ఆయుధమునకు అమరవలసివచ్చెను! కుడిచేతివాటము వారు సైతము దీనిని చూచి సంతోషింప నక్కరలేదు. గోడ చాటుననుండి ఎడమ అంచువెంట కాల్చవలసి వచ్చినప్పుడు ఎడమ భుజమునకు మార్చుకొన్నవాడు సగము దేహమును మాత్రమే బయలుపరచును. మార్చుకొన వీలులేనివాడు నిండు రొమ్మును శత్రువునకు చూపవలెను. ఏ వీధిపోరాటముల కొరకై తుపాకిని కురుచ చేసితిమనిరో, ఆ వీధి మలుపుననే అది సైనికుని బయటికి గెంటుచున్నది.

కొన్ని బుల్‌పప్‌లలో, ఫ్రాన్సు వారి ఫామాస్‌లోను ఇస్రాయేలు వారి టావోర్‌లోను, లోపలి భాగములు మార్చి డొప్ప ఎడమవైపు పడునట్లు చేయవచ్చునని కొందరు సమాధానము చెప్పుదురు. అది ఆయుధశాలలో చేయు పని. వీధి మలుపున చేయు పని కాదు. అంతేకాక, ఎడమకు మార్చిన తుపాకిని నేలకొరిగిన సహచరుని చేతినుండి అందుకొన్న కుడిచేతివానికి మరల అదే బాధ. సేనలో తుపాకులన్నియు అందరికిని పనికిరావలెననుట మొదటి సూత్రము. ఆ సూత్రము ఇచ్చట భంగమైనది.

వాడుకలోని చిక్కులు ఇంకను గలవు. మేగజైను మార్చునప్పుడు మామూలు రైఫిలులో అది కనుల యెదుటనే, చేతికి అందుబాటున నుండును. బుల్‌పప్‌లో చేయి చంకక్రిందికి తడవుకొనుచు పోవలెను. బోర్లపండుకొని యున్నవానికి మోచేయియు నేలయు అడ్డుపడును. మీట ముందును, దానిచే కదలవలసిన సుత్తి వెనుకను ఉండుటచే నడుమ పొడవైన కడ్డీ యొకటి పెట్టవలసి వచ్చెను. ఆ కడ్డీ మూలమున మీట బరువై, మెత్తనై, ఎప్పుడు తెగునో వ్రేలికి తెలియకుండును. మడమలో యంత్రమంతయు నిండియున్నది గనుక దానిని పొడిగించుటకు గాని తగ్గించుటకు గాని వీలులేదు. పొట్టివాడైనను పొడుగువాడైనను, పలుచని చొక్కా తొడిగినను మంచుకోటుపై కవచము తొడిగినను, అందరికిని అదియే కొలత. బరువంతయు వెనుకకు చేరుటచే మూతి తేలికయై వరుసగా కాల్చునప్పుడు పైకి లేచును. కురుచదైనంత మాత్రమున తేలికయు కాలేదు: నిండు మేగజైనుతోను గురిదుర్భిణితోను కలిసి ఎల్85 బరువు ఐదు కిలోగ్రాములకు చేరువయినది.

ఇప్పుడు బ్రిటిషువారి కథను సావధానముగా ఆలకింపుడు; అందులో సర్వదేశములకును నీతి యున్నది. ఎన్‌ఫీల్డ్ కర్మాగారము పేరు మోసినది. ఆ రైఫిలు పట్టి మన తాతలు రెండు ప్రపంచయుద్ధములలో పోరాడిరి. ఆ కర్మాగారము చివరి సంతానము ఈ ఎల్85. ప్రభుత్వ ఆయుధశాలలను 1987లో ప్రైవేటు కంపెనీకి అమ్మివేసిరి. 1988లో ఎన్‌ఫీల్డ్‌ను మూసివేసి పనిని నాటింగ్‌హాంకు తరలించిరి. ఉద్యోగము పోవునని యెరిగిన పనివారు, అమ్మకమునకు సిద్ధమైన శాల, త్వరపడు మంత్రిత్వశాఖ - ఈ మూడును కలిసిన చోట పుట్టిన ఆయుధము ఎట్లుండునో అట్లే యుండెను. మేగజైనును విడుచు మీట సైనికుని రొమ్మునకు తగిలి, నడచుచుండగనే మేగజైను నేలరాలుచుండెను. దోమలు కుట్టకుండ పూసికొను మందు తగిలి ప్లాస్టిక్కు భాగములు చెడుచుండెను. 1991 గల్ఫ్ యుద్ధమున ఎడారి యిసుకకు తుపాకులు మొరాయించెను. 1997లో నేటో కూటమి తన ఆమోదిత ఆయుధముల పట్టికనుండి దీనిని తొలగించెను.

ఇన్ని జరిగినను తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్లు లండను అధికారులు చిరకాలము కూర్చుండిరి. తుదకు 2000 సంవత్సరమున జర్మను కంపెనీయగు హెక్లర్ అండ్ కోక్‌ను ఆశ్రయించి, సుమారు రెండు లక్షల తుపాకులను 9 కోట్ల 20 లక్షల పౌనుల వ్యయముతో మరల చేయించుకొనిరి. స్వదేశ గౌరవముకొరకు పుట్టించిన తుపాకిని పరదేశీయులచే బాగుచేయించుకొనవలసి వచ్చెను. 2002లో ఆఫ్ఘనిస్థానమున ఆ బాగుచేసిన తుపాకి సైతము మొరాయించుచున్నదని మెరీనులు మొరపెట్టగా, తుడుచు విధానము సరిలేదని సమాధానము వచ్చెను. ఆయుధము తప్పు చేసినను సిపాయియే దోషి!

న్యాయముగా ఒక మాట చెప్పవలెను. జర్మనులు బాగుచేసిన పిమ్మట ఎల్85 నమ్మదగిన ఆయుధమయినదని పెక్కుమంది అంగీకరించిరి. యంత్రపు లోపములు దిద్దదగినవి; దిద్దబడినవి. కాని నిర్మాణపు లోపము దిద్దబడలేదు, దిద్దుటకు వీలుపడదు. ఎన్ని మార్పులు చేసినను అది నేటికిని కుడిభుజపు తుపాకియే; గది నేటికిని చెక్కిలి క్రిందనే. మా వాదమునకు ప్రాణము ఇదియే. చెడుగా చేసిన తుపాకిని మంచిగా చేయవచ్చును. చెడుచోట పెట్టిన నిప్పును చోటు మార్చక చల్లార్చలేము.

ఈ తీర్పు మాది కాదు, స్వయముగా అనుభవించినవారిది. బ్రిటిషు సేనలోనే, కోరుకొను స్వాతంత్ర్యము గల ప్రత్యేక దళముల వారు ఎల్85ను కాదని కెనడాలో చేసిన మామూలు రూపపు సి8 రైఫిలును ఎంచుకొనిరి. 2023లో రేంజర్ దళమునకును రాయల్ మెరీనులకును బ్రిటను ఎంచిన క్రొత్త రైఫిలు అమెరికాలో చేసిన మామూలు రూపపు రైఫిలే. ఫ్రెంచి సైనికులు తమ ఫామాస్‌ను దాని ఆకారమునుబట్టి బాకా యని ముద్దుగా పిలుచుకొనిరి; 2016లో ఫ్రాన్సు ఆ బాకాను విడిచి మామూలు రూపపు జర్మను రైఫిలును కొన నిశ్చయించెను. న్యూజిలాండు 2015లో ఆస్ట్రియా బుల్‌పప్‌కు వీడ్కోలు చెప్పెను. 1997లో హాంకాంగు ప్రవేశోత్సవమున చీనా సైన్యము సగర్వముగా ప్రదర్శించిన క్యూబీజడ్-95 బుల్‌పప్‌లో భద్రతామీట మడమ వెనుక కొసన నుండెను. వ్రేలు చేరవలసిన చోటికి భుజము చేరవలసియుండెను. ఆ చీనాయే 2019 అక్టోబరు 1వ తేదీ కవాతులో మామూలు రూపపు క్యూబీజడ్-191ను లోకమునకు చూపెను. ఒకరినొకరు నమ్మని రాజ్యములు ఈ యొక్క విషయమున ఏకాభిప్రాయమునకు వచ్చుట గమనింపదగినది.

ఆస్ట్రియా, ఆస్ట్రేలియా సేనలు నేటికిని బుల్‌పప్‌నే వాడుచున్నవి కదా యని అడుగవచ్చును. వాడుచున్నవి. అలవాటుపడినవాడు దేనితోనైనను పోరాడగలడు. సిపాయి నేర్పు ఆయుధపు దోషమును కప్పిపుచ్చును గాని హరింపదు. అదియుగాక, బుల్‌పప్ పుట్టుటకు కారణమైన అవసరమే నేడు చాలవరకు తీరినది. మడమను లోనికి నెట్టిన అమెరికా ఎమ్4 కార్బైను పొడవు 756 మిల్లీమీటర్లు, ఎల్85కంటె పొట్టిది. దాని గొట్టము 368 మిల్లీమీటర్లే, గుండు వేగము కొంత తగ్గును, నిజమే. కాని ఆ తగ్గుదల దూరపు గురికి మాత్రమే నష్టము. శకటములో మడమను లోనికి నెట్టవచ్చును, దిగినపిదప బయటికి లాగవచ్చును, పొట్టివానికి ఒక కొలత, పొడుగువానికి మరియొక కొలత. పొడవును తగ్గించుటకు ఇంత సులభమైన యుపాయ ముండగా నిప్పును తెచ్చి దవడక్రింద పెట్టుకొనుట యెందులకు?

ఇక మన దేశము. మన ప్రత్యేక దళములు ఇస్రాయేలు టావోర్‌ను వాడినవి. కేంద్ర రిజర్వు పోలీసు దళము వారి చేతులలో ఎక్స్95 అను దాని తమ్ముడు కలదు. ఎంపికచేసి, దీర్ఘకాలము తర్ఫీదు నిచ్చిన కొలదిమందికి ప్రత్యేకమైన పనికై ఇట్టి ఆయుధము నిచ్చుట వేరు. లక్షలమంది సామాన్య సిపాయిలకు నిచ్చుట వేరు. 2019లో తెప్పించిన 72,400 సిగ్ రైఫిలులును, 2021 ఒడంబడిక ననుసరించి అమేఠీ చెంత కోర్వాలో చేయుచున్న ఆరులక్షలకు పైబడిన ఏకే-203 రైఫిలులును మామూలు రూపము గలవే యగుట మనకు మేలే యయినది. ఐనను జాగరూకత విడువరాదు. మామూలు రూపము గలదైనంత మాత్రమున ఆయుధము నిర్దోషమని మేము చెప్పము: 1999లో కార్గిల్ చలికి మన ఇన్సాస్ మేగజైనులు పగిలిన సంగతి దేశము మరువలేదు. ఆ యనుభవము చెప్పునదియు ఒక్కటియే. కాగితముపై కొలతలు తుపాకిని పరీక్షింపలేవు. మంచు, ఇసుక, చెమట, సామాన్యుని చేయి, ఇవియే పరీక్షాధికారులు.

కావున రాష్ట్ర పోలీసు దళములకైనను కేంద్రసేనకైనను రేపు క్రొత్త తుపాకి కొనునప్పుడు మూడు కోర్కెలు కోరుచున్నాము. ఒకటి: ఎడమచేతివాటము గల సిపాయి దానిని ఎడమ భుజమునుండి కాల్చి చూపవలెను, చూపలేనిచో ఆ తుపాకి కొనరాదు. రెండు: పరీక్ష నిపుణులచేత మాత్రమే కాక, పొట్టివారు, పొడుగువారు, కవచము తొడిగినవారు, క్రొత్తగా చేరినవారు, స్త్రీలు, అందరిచేతను జరుగవలెను, వారి మాట వ్రాతలో నుండవలెను. మూడు: లోపము బయటపడిన నాడు దానిని సిపాయి శుభ్రతపై నెట్టక ప్రజలకు వెల్లడింపవలెను. ధనము ప్రజలది, ప్రాణము ప్రజల బిడ్డలది.

స్వదేశములో చేసినది గనుక ఎట్టిదైనను స్వీకరింపుడని ఎవరైన పలికినచో ఎన్‌ఫీల్డ్ కథను వారికి చెప్పుడు. స్వదేశాభిమానమనగా స్వదేశపు తుపాకిపై అభిమానము మాత్రమే కాదు. దానిని పట్టిన స్వదేశపు బిడ్డపై అభిమానము. చెక్కిలి చెంత నిప్పు పెట్టి, జానెడు మిగిల్చితిమని సంతోషించు లెక్క బజారు లెక్కయగును గాని రాజ్యపు లెక్క కాదు. జానెడు పోయిన మరల సంపాదింపవచ్చును. కన్ను పోయిన సంపాదింప లేము.